పడవని నిలబెట్టడానికే మోటారు

చిన్న పడవకి ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు, అంటే బ్యాటరీతో నడిచే చిన్న మోటారు, పెట్టించుకోవాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎన్ని పౌండ్లది (మోటారు తోసే బలాన్ని పౌండ్లలో చెబుతారు) కొనాలి? ముప్పయ్యా, యాభై అయిదా, ఎనభయ్యా? నా జవాబు చాలామందికి రుచించదు. చిన్నదే కొనండి, మిగిలిన డబ్బు బ్యాటరీ మీద, వైరు మీద పెట్టండి, బిగించేది పడవ వెనక కాదు, ముందు అంటాను. ఈ మూడింటికీ కారణం ఒక్కటే. హైదరాబాద్ చుట్టుపక్కల నీళ్ళలో గాలం వేసేవాడికి మోటారుతో అసలు పని దూరం పోవడం కాదు, గాలి తోస్తున్నా ఒకచోట నిలబడడం.

మనం వెళ్ళేవి సముద్రాలేమీ కాదు కదా. చాలావరకు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డున మేసే బర్రెలని లెక్కపెట్టగలిగే చెరువులు. సింగూరుకో నాగార్జునసాగర్‌కో పోయినా మనలాంటి వాళ్ళం తిరిగేది ఒడ్డు వెంబడి, వాగులు కలిసే మూలల్లోనే. చేపలు కూడా నీళ్ళంతా సమానంగా పరుచుకుని ఉండవు. కొరమీను తుంగ అంచున, గుర్రపు డెక్క నీడన ఉంటుంది. గాలి పీల్చడానికి పైకొచ్చే చేప కాబట్టి ఓపికగా చూస్తే ఎక్కడుందో అదే చెబుతుంది. రవ్వ కోసం తూము దగ్గరి లోతులోనో, నీళ్ళలో మునిగిన తుమ్మ మోళ్ళ పక్కనో కాచుకోవాలి. శంకర్‌పల్లి వైపు నేను వెళ్ళే చెరువులో మత్స్యకారుల సొసైటీ పెద్దాయన ఒకరు, నేను మోటారు దించుతుంటే చూసి, "గా మోటర్ వెట్టుకొని ఏడికి వోతవ్ తమ్మీ? చాపలు ఈడ్నే ఉన్నయ్ గద" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ పాయింటు సరైనదే.

నిలబడడం ఏమంత కష్టం అనుకునేవాళ్ళు ఆషాఢం గాలిలో ఒకసారి ప్రయత్నించాలి. పన్నెండడుగుల ఫైబర్ పడవ, బల్లపరుపు అడుగు, ఇద్దరు మనుషులు. రాడ్ విసిరి, ఎర నీళ్ళలో పడి, దాన్ని రెండుసార్లు ఆడించేలోపు పడవ వెళ్ళి తుంగలో దూరుతుంది. రాడ్ కింద పెట్టి తెడ్డు అందుకోవాలి. వెనక్కి వచ్చి తెడ్డు పెట్టి రాడ్ అందుకునేలోపు మళ్ళీ తుంగలోకే. లంగరు వేయొచ్చు కదా అంటారు. లోతు నీళ్ళలో ఒకేచోట కూర్చుని రవ్వ కోసం కాచుకునేవాళ్ళకి అదే మేలు, వాళ్ళకి మోటారు దండగ. తుంగ అంచు వెంబడి నాలుగడుగులు జరుగుతూ, ఆగుతూ విసిరేవాడికి మాత్రం లంగరు నరకం. బురదలో జారుతుంది, తుమ్మ మోడుకి పట్టుకుంటే ఇక రాదు, ఎత్తి దించిన ప్రతిసారీ అడుగున చేసే గలాటాకి చేప ఎప్పుడో తప్పుకుంటుంది.

ఇక ఆ గాలిని ఆపడానికి ఎంత బలం కావాలో చూద్దాం. గాలి తోపు దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నీటి పైన కనిపించే పడవా మనుషులూ కలిపి గాలికి ఎదురుగా ఒకటిన్నర చదరపు మీటర్లు ఉన్నాయనుకుంటే, గంటకి 20 కిలోమీటర్ల గాలి దాన్ని మూడు కిలోల కంటే కాస్త తక్కువ బలంతో తోస్తుంది. గాలి 30కి పెరిగితే ఆ తోపు ఆరు కిలోలవుతుంది. మోటారు డబ్బా మీద పౌండ్లలో రాసే త్రస్ట్‌ని, అంటే తోసే బలాన్ని, కిలోల్లోకి మార్చుకుంటే 30 పౌండ్లు పదమూడున్నర కిలోలు, 40 అంటే 18, 55 అంటే 25. అంటే నలభై పౌండ్ల మోటారు తన బలంలో మూడో వంతుతో 30 కిలోమీటర్ల గాలిని ఆపగలదు. అంత గాలిలో నేనైతే పడవే దించను, అది వేరే సంగతి.

అమ్మేవాళ్ళు చెప్పే లెక్క కూడా ఇంతకంటే ఎక్కువేమీ అడగదు. ప్రతి వంద పౌండ్ల బరువుకి, అంటే మన 45 కిలోలకి, రెండు పౌండ్ల త్రస్ట్ అంటారు. పడవ, ఇద్దరు మనుషులు, బ్యాటరీ, సామాను అన్నీ కలిపి 280 కిలోలైతే పదమూడు పౌండ్ల లోపే వస్తుంది. గాలికీ నాచుకీ దాన్ని మూడింతలు చేసుకున్నా నలభై దాటదు.

పెద్దది కొంటే స్పీడు వస్తుంది కదా అనే ఆశ ఒకటి ఉంటుంది. రాదు. అడుగు నీళ్ళలోనే ఉంచి వెళ్ళే పడవకి దాని పొడవే ఒక హద్దు పెడుతుంది. పన్నెండడుగుల పడవ గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్ల దగ్గర తాను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది. దాన్ని దాటాలంటే పడవ నీటి మీదికి లేచి పరిగెత్తాలి, దానికి కావలసిన పవరు వేరు. 55 పౌండ్ల మోటారు 12 వోల్టుల మీద 50 ఆంపియర్లు లాగినా అది 600 వాట్లే, ఒక్క హార్స్‌పవర్ కూడా కాదు. దాని ప్రొపెల్లర్ రెక్కలు కూడా నెమ్మది వేగానికి తగ్గట్టు మలిచినవే. 80 పౌండ్లకి వెళితే 24 వోల్టులు కావాలి, అంటే ఒకే వయసున్న రెండు బ్యాటరీలు సిరీస్‌లో, ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి. స్పీడు కోసం ఆశపడి చివరికి మోసేది రెండో బ్యాటరీని.

అలాంటప్పుడు రెండు హార్స్‌పవర్ల పెట్రోలు ఇంజనే పెట్టుకోవచ్చుగా అంటారు. నది అయితే, ఎదురు ప్రవాహంలో పది కిలోమీటర్లు పోవాలంటే నేనూ అదే అంటాను. చెరువులో వద్దు. పాత కార్బురేటర్ టూ స్ట్రోక్ ఇంజన్లలో పోసిన పెట్రోలులో పావు వంతు దాకా మండకుండానే బయటికి, అంటే నేరుగా నీళ్ళలోకి పోతుంది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుని ఈ ఊరు తరాల తరబడి ఆ నీళ్ళు తాగింది. చెరువుల నీళ్ళకి మనం చేసిన నిర్వాకం ఇప్పటికే చాలు. పైగా ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక చేప ఆగుతుందా?

ఈ రకం మోటారు పుట్టుక కథ నాకు సరదాగా ఉంటుంది. 1934లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గోలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఎ కారు స్టార్టర్ మోటారు తీసి, దానికి వంగే షాఫ్టు, ప్రొపెల్లర్ తగిలించాడు. మిన్ కోటా కంపెనీ అలా మొదలైంది. కారు స్టార్టర్ నుంచే పుట్టిన వస్తువు అయినా కారు బ్యాటరీ మాత్రం దీనికి పనికిరాదు. కారు బ్యాటరీ పని క్షణం పాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఊరుకోవడం. దాని పలకలు పలచన. గంటల తరబడి పిండి ఖాళీ చేసి, మళ్ళీ నింపి, మళ్ళీ ఖాళీ చేస్తుంటే కొద్ది నెలల్లోనే చతికిలబడుతుంది.

హైదరాబాద్‌లో చాలామందికి తట్టే రెండో ఆలోచన ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్న ట్యూబులర్ బ్యాటరీ. లోతుగా ఖాళీ చేయడానికి అది పనికొస్తుంది, నిజమే. అయితే 150 ఆంపియర్ అవర్లది యాభై కిలోలు దాటుతుంది, చిన్న పడవలో మూడో మనిషి ఎక్కినట్టే. పడవ ఊగితే యాసిడ్ చిందుతుంది. ఇంకా ముఖ్యం, దాని మీద రాసిన సంఖ్యని నమ్మడానికి లేదు. 100 ఆంపియర్ అవర్లు అని రాసి పక్కనే సి 20 అని ఉంటే, అయిదు ఆంపియర్ల చొప్పున మెల్లగా తీసుకుంటే 20 గంటలు ఇస్తుందని అర్థం. ఒక్కసారిగా 40 లాగితే లెక్క ప్రకారం రెండున్నర గంటలు రావాలి, రావు. లెడ్ యాసిడ్ ఎంత వేగంగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. దాని ఆయుష్షు కాపాడాలంటే సగం దగ్గర ఆపాలి కూడా. ఫుల్ స్పీడులో ఒక గంట దొరికితే అదృష్టం. మన మే నెల ఎండలు దానికి ఇంకో శత్రువు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకీ లెడ్ యాసిడ్ బ్యాటరీ జీవితం సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది.

నిలబడడానికి మాత్రమే వాడేవాడికి ఇదే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. నీళ్ళలో వేగం రెట్టింపు కావాలంటే పవరు సుమారు ఎనిమిదింతలు పెట్టాలి. తిప్పి చూస్తే, వేగం సగానికి తగ్గించుకుంటే కరెంటు ఖర్చు పాతాళానికి పడిపోతుంది. ఇక్కడే మోటారు ఎంపికలో నేను పట్టుబట్టే ఒక్క విషయం ఉంది. చవక మోడళ్ళలో ఒకటి నుంచి అయిదు దాకా స్పీడు మెట్లు ఉంటాయి. కింది మెట్లలో వేగం తగ్గించేది ఒక రెసిస్టెన్స్ తీగచుట్ట, అది మిగిలిన కరెంటుని వేడి చేసి పారేస్తుంది. మనం ఎక్కువసేపు ఉండేదే ఆ కింది మెట్లలో. అదే కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపి వదులుతూ వేగం తగ్గించే ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉన్న మోటారు అయితే ఆ వృథా ఉండదు. పౌండ్లు పెంచడానికి పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

డబ్బు ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 100 ఆంపియర్ అవర్లది పన్నెండు కిలోలకి అటూఇటూ ఉంటుంది, ఒంటి చేత్తో కట్ట దిగొచ్చు. ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, వేగంగా లాగినా పెద్దగా కుంగదు. కొనేటప్పుడు రెండు చూసుకోండి. లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూటు, బీఎంఎస్ అంటారు, మోటారు ఫుల్ కరెంటు కంటే ఎక్కువ తట్టుకోవాలి, లేకపోతే గాలి కొట్టే వేళకే ఆఫ్ అయిపోతుంది. ఇంట్లోని ఇన్వర్టర్‌తో కాకుండా దానికోసం చేసిన 14.6 వోల్టుల ఛార్జరుతోనే ఛార్జి చేయాలి. సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదని కూడా రాసి ఉంటుంది. ఆ బాధ మనకి లేదు.

వైరు సంగతికొస్తే నాకు కోపం వస్తుంది. వేలకి వేలు పోసి మోటారు కొన్నవాళ్ళు వైరు దగ్గర పిసినారితనం చూపిస్తారు, దుకాణంవాళ్ళు కూడా అదే నేర్పుతారు. రాణీగంజ్‌లో నేను 16 స్క్వేర్ ఎం.ఎం. కేబుల్ అడిగితే కౌంటర్ అవతలి కుర్రాడు నవ్వాడు. "ఇంట్ల ఏసీకే నాలుగు స్క్వేర్ ఏస్తరు సార్, గింత మోటర్‌కి ఆరు మస్తు." అతని అనుభవం 230 వోల్టులది. ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లు, దారిలో ఒక వోల్టు పోయినా దానికి లెక్కలోది కాదు. ఇక్కడ ఉన్నదే పన్నెండు వోల్టులు, లాగేది 40 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి మోటారుకి నాలుగు మీటర్లు, రానూపోనూ ఎనిమిది. ఆరు స్క్వేర్ రాగి వైరులో దాదాపు ఒక వోల్టు దారిలోనే వేడిగా పోతుంది. పదహారులో పోయేది అందులో మూడో వంతుకి కొంచెం ఎక్కువ. చివరికి నేను తీసుకున్నది వెల్డింగ్ కేబుల్. లోపల వెంట్రుకల్లాంటి సన్నని రాగి తీగలు వందల్లో ఉంటాయి, పడవ మూలల్లో ఎలా కావాలంటే అలా వంగుతుంది.

ఆ కుర్రాడు నవ్వినా పని మాత్రం శుభ్రంగా చేశాడు. కేబుల్ చివర తొడుగు బ్లేడుతో గుండ్రంగా గీసి లాగాడు, ఒక్క తీగ కూడా తెగలేదు. విచ్చుకున్న తీగలని వేళ్ళతో మెలిపెట్టి తగరం పూసిన రాగి లగ్‌లోకి, అంటే బోల్టుకి బిగించే తొడుగులోకి, దూర్చి, చివర తీగలు లగ్ నోటి దాకా వచ్చాయో లేదో వెలుతురుకి ఎత్తి చూశాడు. హైడ్రాలిక్ క్రింపర్‌తో రెండు చోట్ల నొక్కాడు. లగ్‌ని బెంచీ వైసులో బిగించి కేబుల్‌ని రెండు చేతులతో గుంజి, రాకపోతే తల ఊపి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాడు. ఇంట్లో ప్లయర్‌తో నొక్కిన లగ్ అలా గుంజితే ఊడి వస్తుంది, ఊడకపోయినా లోపల ఖాళీల్లోకి తడి చేరి పచ్చబడుతుంది.

కరెంటు మితిమీరితే తెంచేసే బ్రేకరు సంగతి కూడా ఇలాంటిదే. ఇంటి ఎంసీబీ తెచ్చి పెట్టేస్తుంటారు. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు కాంటాక్టుల మధ్య లేచిన మెరుపు ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ ఎప్పటికీ సున్నాకి రాదు, మెరుపు అలాగే కాలుస్తుంది. సోలార్ సామాను అమ్మేచోట డీసీ బ్రేకర్లు దొరుకుతాయి. నలభై పౌండ్ల మోటారుకి 50 ఆంపియర్లది, బ్యాటరీ పాజిటివ్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. గుర్రపు డెక్క వేళ్ళు చుట్టుకుని ప్రొపెల్లర్ ఆగిపోయినప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. వైరు కాలకుండా అప్పుడు కాపాడేది ఇదే.

ముందు బిగించమనడానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం మన పుట్టి, బుట్టలా గుండ్రంగా ఉండే పడవ. పుట్టి నడిపేవాడు ఎక్కడ కూర్చుంటాడో గమనించారా? పోవలసిన దిక్కుకి ముందు అంచున ఒంగి, తెడ్డుతో నీళ్ళని తనవైపు లాక్కుంటాడు. వెనక కూర్చుని తోస్తే అది గింగిరాలు తిరుగుతుంది. బల్లపరుపు అడుగున్న చిన్న పడవ పుట్టి అంత మొండిది కాదు గానీ, దాని గుణం కొంచెం ఉంది. వెనక మోటారు, వెనకే బ్యాటరీ, నడపడానికి మనిషీ వెనకే కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది, గాలి ఆ ముక్కుని పట్టుకుని తిప్పేస్తుంది. ముందు మోటారు ఉంటే ముక్కుని గాలికి ఎదురు పెట్టి ఉంచొచ్చు, వెనక భాగం దానంతట అది వరసలోకి వస్తుంది. మనిషీ మోటారూ ముందుంటాయి కాబట్టి బ్యాటరీ వెనక బల్ల కింద పెట్టుకోవాలి. అందుకే ఆ నాలుగు మీటర్ల కేబుల్.

ముందు బిగించడానికని చేసిన మోటార్లు, కాలితో నడిపేవి, జీపీఎస్‌తో తమంతట తామే ఒకచోట ఆగేవి ఉన్నాయి. వాటి ఖరీదు నా పడవ కంటే ఎక్కువ. వెనక బిగించే మామూలు మోటారునే ముందుకి తెచ్చుకోవచ్చు, ఒక్క మార్పుతో. దాన్ని ఉన్నదున్నట్టు ముందు తగిలిస్తే ఫార్వర్డ్ పెట్టినప్పుడు పడవ వెనక్కి పోతుంది. చాలా మోడళ్ళలో పైన హ్యాండిల్ ఉన్న తలని షాఫ్టుకి పట్టి ఉంచేది ఒక స్క్రూ. దాన్ని విప్పి, లోపలి వైర్లు మెలిపడకుండా తలని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగిస్తే సరి. రివర్స్‌లో పెట్టి నడుపుకుంటే పోలేదా అనొచ్చు. ప్రొపెల్లర్ రెక్కలు ముందుకు తోయడానికి మలిచినవి, రివర్స్‌లో బలం తగ్గుతుంది, మెట్లు కూడా తక్కువ.

క్లాంపుని నేరుగా ఫైబర్ అంచుకి బిగించకండి, కొన్నాళ్ళకి నలిగి పగులుతుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లై, అంటే తడిని తట్టుకునే ప్లైవుడ్, 18 ఎం.ఎం.ది, లోపలా బయటా ఒక్కో ముక్క పెట్టండి. ఆర్‌పార్ స్టెయిన్‌లెస్ బోల్టులు, వెడల్పు వాషర్లు, రంధ్రాల్లో సీలెంటు. ప్లై అంచులకి ఎపాక్సీ పూయకపోతే మెరైన్ అన్న పేరే మిగులుతుంది. ప్రొపెల్లర్ పై రెక్క నీటి మట్టానికి కనీసం అడుగు కింద ఉండాలి, లేకపోతే గాలి పీల్చి ఉత్తినే తిరుగుతుంది. పడవ ముందు అంచు ఎత్తుగా ఉంటుంది కాబట్టి 30 అంగుళాల షాఫ్టు చాలదు, 36 అడగండి. అదురుకి క్లాంపు మరలు వదులవుతాయి, మోటారుకి ఒక తాడు కట్టి పడవకి ముడి వేయండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద, తెడ్డు పడవలో. వీటి గురించి వాదన లేదు.

నిమజ్జనాలు జరిగే చెరువుల్లో అడుగున విగ్రహాల ఇనుప ఊచలు ఉంటాయి. రెక్క తగిలితే ముందు తెగేది ప్రొపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న పిన్ను. తెగడానికే అది ఉన్నది, ఒకటి రెండు జేబులో ఉంచుకోండి. దానికంటే ప్రమాదం నైలాన్ దారం. మన లైనే కానివ్వండి, వల దారమే కానివ్వండి, ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని సీలుని కోస్తుంది, అక్కణ్ణించి నీళ్ళు మోటారులోకి దిగుతాయి. ఇంటికొచ్చాక నట్టు విప్పి, ప్రొపెల్లర్ లాగి, వెనక చూడడం అలవాటు చేసుకోవాలి.

వలల విషయంలోనే సొసైటీతో నాకు అసలు పంచాయతీ నడిచింది. చేపపిల్లలు వదిలేది వాళ్ళు, చెరువు మీద హక్కు వాళ్ళది. వాళ్ళని అడక్కుండా పడవ దించే హైదరాబాద్ సార్లంటే వాళ్ళకి మంట, నాకూ మంటే. చివరికి కుదిరిన మాట ఇది: వలల తేలుడు బెండ్లు కనపడితే మోటారు పైకెత్తి తెడ్డుతో దాటాలి, వల తెగితే కొత్త వల డబ్బులు నేనివ్వాలి, పొద్దు గుంకాక మోటారు నీళ్ళలో ఉండకూడదు.

ఇప్పుడు ఆ పెద్దాయనే మోటారు ఖర్చెంతని అడుగుతున్నాడు. ఆయనకి నా లెక్కలేవీ పనికిరావు. థర్మాకోల్ తెప్ప మీద వల, పట్టిన చేపలు వేసుకుని చీకటితోనే చెరువు ఆ కొస నుంచి ఈ కొసకి రావాలి ఆయన. నిలబడడం ఆయన పని కాదు, వల ఎత్తేటప్పుడు వలే ఆయన్ని నిలబెడుతుంది. మోటారు తగిలించడానికి ఆ తెప్పకి గట్టి అంచు లేదు, రాత్రి బ్యాటరీ ఛార్జి పెట్టడానికి కట్ట మీద కరెంటు లేదు. ఒక బ్యాటరీని నలుగురు పంచుకుంటే కొంత నడుస్తుందేమో అన్నాను. "నలుగురికీ ఒక్కటే పొద్దుకు కావాలె గద తమ్మీ" అన్నాడు.